జంత్రపుఁ గీలూడినట్లు: ఆ జంత్రం ఏది?

డర్బన్ తెలుగు:
పద్యం తోక దొరికింది, తల దొరకడం లేదు. "...కీలూడినట్లు జరుగదు సుమతీ." మంత్రి లేని రాజ్యం గురించిన పద్యం. కీలుకు ముందు "యంత్రపు" అని నాకు గుర్తు. మా అత్తగారేమో "జంత్రపు" అని పట్టుబట్టారు. ఏది సరి?

ఆదివారం తెలుగు తరగతి పిల్లలకు ఒక పేజీ రాస్తున్నాను, మా దక్షిణాఫ్రికా రాష్ట్రం క్వాజులు-నటాల్‌లో మంత్రివర్గం ఎలా ఏర్పడిందో. 2024 ఎన్నికల్లో 80 సీట్ల సభలో ఎంకే పార్టీకి 37, ఇంకాతా ఫ్రీడం పార్టీకి 15, ఏఎన్‌సీకి (ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్) 14, డీఏకి (డెమొక్రటిక్ అలయెన్స్) 11, ఈఎఫ్‌ఎఫ్‌కు 2, ఎన్‌ఎఫ్‌పీకి (నేషనల్ ఫ్రీడం పార్టీ) 1 వచ్చాయి. అందరికన్నా పెద్ద పార్టీ బయటే ఉండిపోయింది. ఇంకాతా, ఏఎన్‌సీ, డీఏ, ఎన్‌ఎఫ్‌పీ కలిసి జూన్ 14న ఇంకాతా నాయకుడు థామి న్టూలీని 41 ఓట్లతో ముఖ్యమంత్రి లాంటి ప్రీమియర్‌ని చేశాయి. అవతల 39. ఆ ఒక్క సీటు అటు జరిగి ఉంటే 40, 40. అందుకే ఒక్క సీటు పార్టీకీ సాంఘికాభివృద్ధి శాఖ దక్కింది. ఆ పేరా కింద ఈ పద్యం పెడితే బాగుంటుందని.

అరసున్న:
మీ అత్తగారిదే రైటు.

మంత్రిగలవాని రాజ్యము
తంత్రము సెడకుండ నిలుచుఁ దరచుగ ధరలో
మంత్రివిహీనుని రాజ్యము
జంత్రపుఁ గీలూడినట్లు జరుగదు సుమతీ!

"యంత్రపు" అన్నా ప్రాస చెడదు, ంత్ర ఎటూ ఉంది. యతి దగ్గర దొరికిపోతారు. నాలుగో గణం "జరుగదు". పాదం మొదటి అక్షరం ఆ జ-తో కలవాలి. య-కు, జ-కు పొత్తు కుదరదు. ఇక చర్చ ఏముంది?

కృష్ణ కాలువ:
చర్చ ఇప్పుడే మొదలైంది మాష్టారూ. అక్షరం తేల్చారు, అర్థం తేల్చలేదు. జంత్రం అంటే యంత్రమని అందరూ రాసేస్తారు. జంత్రగాత్రాలు అన్నప్పుడు జంత్రం ఏమిటి మరి? వాద్యం కాదూ? వీణకు బిరడ సడలితే తీగ నిలవదు, శ్రుతి నిలవదు. నాలుగు పార్టీల సంకీర్ణానికి ఇంతకన్నా సరిపోయే మాట ఉందా?

నిఘంటువు పురుగు:
సంకీర్ణానికి సరిపోయిందని పద్యానికి అర్థం మార్చకండి. జంత్రము యంత్రానికి తద్భవం. వాద్యాన్ని జంత్రం అన్నది కూడా అది ఒక యంత్రం కాబట్టే. పైగా వాద్యమైతే "మోగదు" అంటాడు గానీ "జరుగదు" అంటాడా?

కృష్ణ కాలువ:
"మోగదు" అంటే యతి ఏమవుతుందో మాష్టారినే అడగండి. 😀 అయినా "జరుగదు"కు కర్త జంత్రం కాదు, రాజ్యం. రాజ్యం జరుగదు, కీలు ఊడినట్లు. పోలిక ఊడడంతోనే అయిపోయింది.

పాలమూరు పిలగాడు:
అన్నా, వీణలు మీకెక్కడ దొరికినయి ఊర్లల్ల? మా తాత బండి కడచీల గురించి జెప్పేటోడు. ఇరుసు కొసకు చేతి వేలంత ఇనుప ముక్క. అది ఊడితె చక్రం బయటికొస్తది, బండి జరగదు. జరుగుడు అంటె కదులుడే గద, "జర జరుగు" అంటం. కీల, చీల ఒక్కటే మాట. ఒక్క సీటు పార్టీ అంటె కడచీలనే.

అరసున్న:
తమ్ముడూ, చీల సరే. బండిని జంత్రం అన్న ప్రయోగం ఒక్కటి చూపించు.

పాలమూరు పిలగాడు:
వీణ పెద్దమనిషిని అడగలే, నన్నే అడుగుతున్నరు. మంచిగుంది.

నెల్లూరు నెరజాణ:
మీరంతా కీలు పట్టుకు వేలాడుతున్నారు. ఆ పద్యంలో గడుసు మాట "తరచుగ". మంత్రి ఉంటే రాజ్యం ఎప్పటికీ నిలుస్తుందని అనలేదు, తరచుగా నిలుస్తుందన్నాడు. రాజనీతి తెలిసినవాడు రాసిన మాట అది. మంత్రులున్నా కూలిన కొలువులు చూసి ఉంటాడు.

నిఘంటువు పురుగు:
లేదా యతికి ద-కారం కావాల్సొచ్చి వేసిన మాట. పూరణ పదానికి ఇంత రాజనీతి ఎందుకండీ?

నెల్లూరు నెరజాణ:
మీకు నచ్చని ప్రతి మాటా పూరణ పదమే.

డర్బన్ తెలుగు:
"జంత్రపు" అని ఖాయం చేసుకున్నాను, ధన్యవాదాలు. ఇంకొకటి అడగనా? పద్యంలో రాజు ఒకడు, మంత్రి ఒకడు. మా పేజీలో ఎవరు ఎవరు? జులూలో ప్రీమియర్‌ని "ఉన్డునన్కులు" అంటారు. ఇన్డునా అంటే రాజు దగ్గరి పెద్ద, సలహాదారు. దానికి "పెద్ద" అనే మాట చేరింది. అంటే మహామంత్రి. శాఖల మంత్రులకు ఇంకో మాట ఉంది, మధ్యలో నాలుక టక్కుమనే శబ్దంతో, మన లిపిలో రాయలేను. అసలు జులూ రాజు మిసుజులు వేరే ఉన్నాడు. ఆయన కొలువులో సంప్రదాయ ప్రధానికీ ఉన్డునన్కులు అనే పేరు. ఆ పదవిలో చాలాకాలం ఉన్న మంగొసుతు బుతెలేజీ 2023లో పోయాక, 2024 మొదట్లో రాజు తులాసిజ్వే బుతెలేజీని నియమించాడు. అదే ఏడాది జూన్‌లో న్టూలీ ఆయన్నే స్థానిక పాలన, సంప్రదాయ వ్యవహారాల మంత్రిని చేశాడు. అంటే రాజుకు ప్రధానిగా ఉంటూ ప్రీమియర్‌కు మంత్రి అయ్యాడు. ఈ పద్యం ఏ కొలువుకు వర్తిస్తుంది?

కృష్ణ కాలువ:
అమ్మో! ఇద్దరు మహామంత్రులు, ఒక రాజు. తిరకాసు కథ.

అరసున్న:
తిరకాసు ఏమీ లేదు. "మంత్రిగలవాని" అన్నాడు, "రాజు" అనలేదు గమనించారా? మంత్రులను పెట్టుకునే అధికారం ఎవరిదైతే వాడే "గలవాడు". దక్షిణాఫ్రికా రాజ్యాంగం 132వ సెక్షన్ ప్రకారం మంత్రులను నియమించేదీ, శాఖలిచ్చేదీ, తీసేసేదీ ప్రీమియరే. సభలోంచే తీసుకోవాలి, ఐదుకు తగ్గకూడదు, పదికి మించకూడదు. మనకున్నట్లు గవర్నరూ లేడు. ప్రధాన న్యాయమూర్తి పంపిన జడ్జి ఒకరు కూర్చుని సభ చేత ప్రీమియర్‌ని ఎన్నిక చేయిస్తారు. కాబట్టి పేరుకు మహామంత్రి అయినా పద్యానికి ఆయనే ఏలిక.

పాలమూరు పిలగాడు:
పది మందేనా? ఈడ సభల 15 శాతం దాక పెట్టుకోవచ్చు, అయినా సరిపోక కార్పొరేషన్లు పంచుతరు.

డర్బన్ తెలుగు:
పదికి పదీ నింపాడు తమ్ముడూ. ఇంకాతాకు నాలుగు, ప్రీమియర్ పదవి కాక. ఏఎన్‌సీకి విద్య, ఆరోగ్యం, రవాణా-గృహవసతి కలిపి మూడు. డీఏకి ఆర్థికం, ప్రజాపనులు. ఎన్‌ఎఫ్‌పీకి ఒకటి. ఖజానా తాళం డీఏ చేతికి వెళ్లడమే ఇక్కడ అందరూ మాట్లాడుకున్న సంగతి. ఆ డీఏ మంత్రులిద్దరూ, ఫ్రాన్సువా రోజర్స్, మార్టిన్ మేయర్, తెల్లవాళ్లు. మిగతా పేర్లన్నీ జులూ పేర్లు. మా డర్బన్‌లో వీధికొక నాయుడు ఉన్నా ఆ పది పేర్లలో భారత సంతతి పేరు లేదు. ఇంతకుముందు ఏఎన్‌సీ హయాంలో రవి పిళ్ళై ఆర్థిక శాఖ చూశాడు.

నెల్లూరు నెరజాణ:
అక్కా, అక్కడి నాయుళ్లు తెలుగు మాట్లాడతారా?

డర్బన్ తెలుగు:
పెద్దవాళ్లు కొందరు పాటలు, దండకాలు పాడతారు. మాట తక్కువ. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ వచ్చినప్పటి సంగతి ఇదంతా, చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా. ఆంధ్ర మహాసభ 1931లో పెట్టుకున్నారు. ఇక్కడి రాజ్యాంగం ఆరో సెక్షన్‌లో తెలుగు పేరు రాసి ఉంది తెలుసా? అధికార భాష కాదు. గౌరవించి పెంపొందించాల్సిన భాషల్లో తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూల సరసన.

కృష్ణ కాలువ:
పరాయి దేశపు రాజ్యాంగంలో మన పేరు! ఇది చెప్పకుండా కీలు గురించి అడిగారా మీరు?

నిఘంటువు పురుగు:
శాఖల మంత్రికి పిల్లల పేజీలో ఏ మాట వాడుతున్నారు? "మంత్రి" వద్దంటాను. అసలు పదవి పేరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు. "అమాత్యుడు" వాడండి. అమా అంటే కూడా, దగ్గర అని. ఒకే ఇంట్లో కూడా ఉండేవాడు అమాత్యుడు. మంత్రి అంటే చెవిలో ఆలోచన చెప్పేవాడు. వీళ్లు చెవిలో చెప్పరు, సభలో జవాబు చెప్తారు.

పాలమూరు పిలగాడు:
ఇంకాతా, ఏఎన్‌సీ ఒకే ఇంట్ల ఉన్నోళ్లా సారూ? ఎనభైల కాంచి తొంభై నాలుగు దాక ఒకర్నొకరు చంపుకున్నరని చదివిన. వేల పానాలు పోయినయంట.

డర్బన్ తెలుగు:
నిజమే. అయినా 1994లోనే ఒకే మంత్రివర్గంలో కూర్చున్నారు. అప్పటి తాత్కాలిక రాజ్యాంగంలో పది శాతం సీట్లున్న పార్టీకి మంత్రి పదవుల్లో వాటా హక్కుగా ఉండేది. ఇంకాతాకు అప్పటి 81 సీట్లలో 41 వచ్చినా (మళ్లీ 41 చూడండి!) 26 సీట్ల ఏఎన్‌సీని పక్కన పెట్టుకోక తప్పలేదు. అప్పుడు ఏఎన్‌సీ తరఫున ఆర్థిక వ్యవహారాలు, పర్యాటకం చూసిన మంత్రి ఎవరనుకున్నారు? జేకబ్ జూమా. ఇప్పుడు 37 సీట్లతో బయట కూర్చున్న ఎంకే పార్టీ ఆయనదే. 1996 రాజ్యాంగంలో ఆ హక్కు లేదు. అందుకని 2024 పంపకమంతా బేరమే. ఒక్క సీటుకు శాఖ రావడం బేరంలోనే సాధ్యం, హక్కులో ఎక్కడి మాట!

నెల్లూరు నెరజాణ:
మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏమొచ్చినా పట్టాల్సిందే. 😀
మంత్రి మాట వచ్చింది కాబట్టి మా తిక్కన దగ్గరికి రండి. మనుమసిద్ధి కొలువులో మంత్రి, కవి, రెండూ ఆయనే. తాతగారిని తలచుకుంటూ "సారకవితాభిరాము గుంటూరి విభుని మంత్రి భాస్కరు మత్పితామహుని" అంటాడు. దీన్ని ఎలా విడదీస్తారు? గుంటూరి విభుడైన మంత్రి భాస్కరుడా, గుంటూరి విభుని యొక్క మంత్రి అయిన భాస్కరుడా? ద్వితీయకు, షష్ఠికి రూపం ఒకటే. తాతగారు ఏలికా, ఏలిక దగ్గర మంత్రా? మీ ఉన్డునన్కులు గొడవే ఇక్కడా ఉంది.

అరసున్న:
గొడవ లేదు. "మంత్రి భాస్కరుడు" ఆయన పేరే. పేరుకు విశేషణం "గుంటూరి విభుడు". అన్నీ వరసగా ద్వితీయలో నడుస్తుంటే మధ్యలో ఒక్క షష్ఠి ఎందుకు దూరుతుంది?

నెల్లూరు నెరజాణ:
ఎందుకు దూరకూడదు? తిక్కన అంత సాఫీగా రాసేవాడైతే మీకూ నాకూ పనేముంది! ఒక ముక్క రెండు వైపులా పలికేట్లు పెట్టడం ఆయన చేతివాటం. ద్రౌపది మాటల దగ్గర చూడండి, పొగుడుతోందో పొడుస్తోందో భర్తలకే తెలియదు.

కృష్ణ కాలువ:
తిక్కన వచ్చాడంటే ఇవాళ్టికి వేరే పని లేదు. అమ్మాయీ, మధ్యలో నా వీణను మరిచిపోకండి. కీలు బొమ్మ, కీలుగుర్రం అన్నప్పుడు కీలు కదలికకు సంబంధించింది, ఒప్పుకుంటాను. కానీ "తంత్రము సెడకుండ" అన్నాడు రెండో పాదంలో. తంత్రి అంటే తీగ. తంత్రం, జంత్రం పక్కపక్కన పెట్టినవాడి చెవిలో వీణ లేదంటే నమ్మను.

నిఘంటువు పురుగు:
అక్కడ తంత్రం పరిపాలన. తీగ తంత్రి. ఇ-కారం ఉందా లేదా చూడరా?

కృష్ణ కాలువ:
శ్లేష అనేది ఒకటుంటుంది.

నిఘంటువు పురుగు:
దిక్కుతోచనప్పుడు శ్లేష.

డర్బన్ తెలుగు:
పేజీ దాదాపు అయింది. "మంత్రి" అనే ఉంచాను, అమాత్యుడంటే పిల్లలు పారిపోతారు. పద్యం ఇలా వేస్తున్నా: "మంత్రిగలవాని రాజ్యము / తంత్రము చెడకుండ నిలుచుఁ దరచుగ ధరలో..." కింద అర్థంలో "కీలు" దగ్గర ఖాళీ వదిలాను. ఎవరైనా ఒక్క మాటలో చెప్తే రాసేస్తాను.

పాలమూరు పిలగాడు:
కడచీల. రాసెయ్ అక్కా.

కృష్ణ కాలువ:
బిరడ.

అరసున్న:
అర్థం తరవాత. ముందు "చెడకుండ" దిద్దండి. "తంత్రము" ప్రథమ, దాని మీది చ-కారం స అవుతుంది. "సెడకుండ". పిల్లలకు మొదట్లోనే తప్పు నేర్పకండి.

నిఘంటువు పురుగు:
తప్పెలా అవుతుంది మాష్టారూ? "ప్రథమ మీఁది పరుషములకు గసడదవలు బహుళముగా నగు" అన్నది సూత్రం. బహుళముగా. చ ఉంచినా తప్పు పట్టడానికి లేదు.

అరసున్న:
బహుళం అంటే ఇష్టమొచ్చినట్లు అని ఎవరు చెప్పారు మీకు? అదే సూత్రానికి ఉదాహరణలు తీయండి, అక్కడే మాట్లాడుకుందాం.