మొదటి కాన్పు ఇంట్లోనే, మిడ్‌వైఫ్ సహాయంతో: నిర్ణయించుకునే ముందు ఏం చూడాలి?

ప్రశ్న

నమస్కారం. నాకు ఎనిమిదో నెల నడుస్తోంది, ఇదే తొలి కాన్పు. రక్తపోటు, మధుమేహం, రక్తహీనత వంటి ఇబ్బందులేవీ ఇంతవరకు లేవు, బిడ్డ తల కిందికే ఉంది. శిక్షణ, లైసెన్సు ఉన్న మిడ్‌వైఫ్ ఒకరు ఇంటికి వచ్చి కాన్పు చేయడానికి ఒప్పుకున్నారు. గంటగంటకూ మారే సిబ్బంది మధ్య కాకుండా, నెలల తరబడి నన్ను చూస్తూ వచ్చిన మనిషి పక్కన ఉండగా నొప్పులు పడాలని నా కోరిక. మావారు సరేనన్నారు గానీ అమ్మా, అత్తగారూ భయపడుతున్నారు. వారి భయంలో ఎంత నిజముంది? ఆ మిడ్‌వైఫ్‌ను నేను ఏమేమి అడగాలి?

మొదటి సమాధానం

నేను ప్రసవ విభాగంలో మిడ్‌వైఫ్‌గా పనిచేస్తున్నానండీ. మీ కోరిక న్యాయమైనదే, మీ పెద్దల భయమూ నిరాధారం కాదు. ఇంగ్లండ్‌లో ప్రమాద సూచనలు లేని 64,000 మందికి పైగా గర్భిణులను పరిశీలించి 2011లో వెలువరించిన అధ్యయనంలో, రెండో కాన్పు లేదా ఆ తరువాతివి ఇంట్లో తలపెట్టినవారి బిడ్డలకు ఆసుపత్రితో పోలిస్తే అదనపు ముప్పు కనబడలేదు. తొలి కాన్పు విషయంలో మాత్రం బిడ్డకు తీవ్రమైన హాని ఆసుపత్రిలో వెయ్యికి 5.3 చొప్పున ఉంటే, ఇంట్లో తలపెట్టిన కాన్పుల్లో 9.3గా తేలింది. రెండూ చిన్న సంఖ్యలే అయినా తేడా నిజమైనది. పైగా తొలి కాన్పు ఇంట్లో మొదలుపెట్టినవారిలో దాదాపు 45 శాతం మందిని నొప్పుల సమయంలోనో, కాన్పు అయిన వెంటనేనో ఆసుపత్రికి తరలించవలసి వచ్చింది. రెండో కాన్పు వారిలో అది 12 శాతమే. ఆ తరలింపుల్లో ఎక్కువ భాగం అత్యవసరాలు కావు, అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన కారణం కాన్పు ముందుకు సాగకపోవడమే. ఈ ఫలితాలు మిడ్‌వైఫ్, అంబులెన్సు, ఆసుపత్రి ఒకే వ్యవస్థగా పనిచేసే చోటివని గుర్తుంచుకోండి. ఆ బంధం లేని చోట వీటిని చూసి ధైర్యపడకూడదు.

ఇక అడగవలసినవి. కాన్పు తరువాత రక్తస్రావం ఆగకపోతే ఇవ్వడానికి ఆక్సిటోసిన్ ఆమె వెంట ఉంటుందా, దాన్ని చల్లగా ఎలా భద్రపరుస్తారు? పుట్టిన బిడ్డ ఊపిరి తీయకపోతే మొదటి నిమిషంలోనే బ్యాగు, మాస్కుతో గాలి అందించాలి. ఆ పని ఒకరు చేస్తుండగా తల్లిని చూసుకునే రెండో మనిషి ఉంటారా? బిడ్డ గుండె చప్పుడును నొప్పుల తొలి దశలో పావుగంటకొకసారి, ముక్కే దశలో ఐదు నిమిషాలకొకసారి వింటారా? ఈ ప్రశ్నలకు విసుక్కునే మిడ్‌వైఫ్ అయితే ఆమెను వద్దనుకోవడమే మేలు.

రెండో సమాధానం

నా రెండో కాన్పు ఇంట్లోనే అయింది. ప్రశాంతంగా, నాకు నచ్చిన భంగిమలో కన్నాను, బిడ్డను వెంటనే గుండెలకు హత్తుకున్నాను. అయినా తొలి చూలుకు ఇదే దారి అని నేను చెప్పలేను. మిడ్‌వైఫ్‌లే నడిపే ప్రసవ కేంద్రం మీకు అందుబాటులో ఉంటే ముందు దాన్ని చూడండి. పైన చెప్పిన అధ్యయనంలోనే అలాంటి కేంద్రాల్లో తొలి కాన్పు తలపెట్టినవారి బిడ్డలకు అదనపు ముప్పు కనిపించలేదు. ఆసుపత్రినే ఎంచుకున్నా, తెలిసిన మనిషి ఒకరు చివరిదాకా పక్కన ఉండేలా ముందే మాట్లాడుకోవచ్చు. ఇంట్లో ఎపిడ్యూరల్, అంటే నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మత్తుమందు, దొరకదన్న సంగతి కూడా మీరు మనసారా ఒప్పుకోవాలి.

మూడో సమాధానం

నా తొలి కాన్పు ఇంట్లోనే మొదలైంది, కానీ ఉమ్మనీరు చిక్కటి ఆకుపచ్చ రంగులో కనబడగానే మా మిడ్‌వైఫ్ ఒక్క క్షణం ఆలోచించకుండా బయలుదేరదీశారు. ఆసుపత్రిలో నా పేరు ముందే నమోదై ఉండటం, నా కాగితాలన్నీ సంచిలో ఉండటం, ఆమె నాతోపాటే లోపలికి రావడం వల్ల అక్కడ ఎవరికీ మొదటి నుంచి చెప్పుకోవలసిన పని పడలేదు. అందుకే మీరు ఏది ఎంచుకున్నా ఆసుపత్రిలో నమోదు మానకండి. వారాలు నిండక ముందే, అంటే 37 వారాల లోపు నొప్పులు వచ్చినా, బిడ్డ ఎదురు కాళ్లకు తిరిగినా, రక్తపోటు పెరిగినా ఇంటి ఆలోచన విరమిస్తామని ఇప్పుడే రాసుకోండి. నొప్పుల మధ్య ఆ చర్చ పెట్టుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. తొలి కాన్పుకు లెక్క వేరని నాకు ఇప్పటివరకు ఎవరూ చెప్పలేదు. రెండో మనిషి గురించి, ఆక్సిటోసిన్ గురించి మా మిడ్‌వైఫ్‌ను అడుగుతాను. ఆ మాటలు జరిగేటప్పుడు అమ్మనూ, అత్తగారినీ కూడా కూర్చోబెడతాను. ప్రసవ కేంద్రాన్ని చూడటానికి వారిద్దరూ నాతో వస్తామన్నారు.