అంకెలను చేతికి తెలిసేలా చేయడం ఎలా?

మా నాన్నగారికి చూపు బాగా తగ్గింది. రోజూ ఎన్ని నిమిషాలు నడిచారో ఏడాదిగా నేను నోట్‌బుక్‌లో రాస్తున్నాను. గ్రాఫ్ గీస్తే ఆయనకు కనిపించదు. నెలకో మట్టి ఉండ చేసి, ఎక్కువ నడిచిన నెలకు పెద్ద ఉండ పెడదామనుకుంటున్నాను. తడిమితే తేడా సరిగ్గా తెలుస్తుందా?

జవాబు: ఉండలు వద్దండీ. ఉండ అడ్డుకొలత రెట్టింపు చేస్తే బరువు 8 రెట్లవుతుంది. నడక రెండింతలే పెరిగినా చేతికి ఎంతో పెరిగినట్టు అనిపిస్తుంది. ఒకే మందం ఉన్న చెక్క పుల్లలు తీసుకుని పొడవు మాత్రం మార్చండి. నెల సగటులో ప్రతి 10 నిమిషాలకు 1 సెంటీమీటరు. కింది అంచులన్నీ ఒకే వరుసలో ఉండేలా అట్ట మీద అంటించండి, ఇది మాత్రం మరిచిపోకండి. కొసలు గరుకు కాగితంతో రుద్దితే గుచ్చుకోవు.

మరో జవాబు: తాడు ముడులు కూడా ఆలోచించండి. పూర్వం దక్షిణ అమెరికాలోని 'ఇంకా' సామ్రాజ్య ప్రజలు 'కీపు' అనే ముడుల తాళ్ల మీద లెక్కలు ఇలాగే ఉంచేవారు. తాడు చివర ఒకట్లు, వాటి పైన పదులు, ఆపైన వందలు. సున్నా ఉన్నచోట ముడి ఉండదు. కాకపోతే చదవడం నేర్చుకోవాలి, పుల్లలకు ఆ అవసరం లేదు.

అడిగినవారు: థాంక్స్ అండీ, పుల్లలతోనే చేశాను. నాన్న నెమ్మదిగా నిమురుతూ ఐదో పుల్ల దగ్గర ఆగారు. "మోకాలు నొప్పి వచ్చింది ఈ నెలే కదూ?" అన్నారు. అవును, అదే నెల.