పాత ఎమ్‌జీబీకి రెండో బ్రేక్ లైట్ స్విచ్ కూడా పోయింది, ఏం చేయాలి?

బ్రాడీపేట ఎర్రబండి
అందరికీ నమస్కారం. నాది 1966 ఎమ్‌జీబీ, రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు. మా పెదనాన్న ఇంగ్లండులో డాక్టరు ఉద్యోగం మానేసి వస్తూ ఓడలో మద్రాసుకు తెప్పించారు. ఆయన పోయాక పదేళ్లు షెడ్డులో మిరపకాయ టిక్కీల పక్కన పడుంది. ఇప్పటికీ హీటరు వేస్తే కారంఘాటు వస్తుంది.

పెడల్ మీద ఎక్కి నిలబడినట్టు తొక్కితేనే బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయి. మామూలుగా తొక్కితే లేదు. కొత్త స్విచ్ వేస్తే మూడు నాలుగు నెలలు బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే. ఇంగ్లండు నుంచి రెండుసార్లు తెప్పించాను, స్విచ్ కన్నా కొరియరుకే ఎక్కువైంది. మొన్న కాజ టోల్‌గేటు దగ్గర స్లో చేస్తే, వెనక కొబ్బరిబోండాల ఆటో నా బంపరుకు బెత్తెడు దూరంలో ఆగింది. అతను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తప్పు నాదే కాబట్టి విని ఊరుకున్నా.

ఇక్కడి ఎలక్ట్రీషియన్ బల్బులు మార్చాడు, ఎర్త్ గీకి శుభ్రం చేశాడు, చివరికి "అమ్మేయండి సార్" అన్నాడు.

కృష్ణలంక కుర్రాడు
అన్నా, పెడల్ పైన ప్లంజర్ స్విచ్ ఉంటుంది చూడు. నట్టు లూజు చేసి కాస్త జరిపితే సరి. నా మారుతికి రెండు నిమిషాల్లో చేశా.

ఆటోనగర్ పాతచేయి
తమ్ముడూ, మారుతికి సరే. 66 ఎమ్‌జీబీలో పెడల్ దగ్గర ఏమీ ఉండదు. స్విచ్ బానెట్ కింద బ్రేకు పైపు జాయింటులో బిగించి ఉంటుంది. ఆయిల్ ప్రెషరుకి లోపల కాంటాక్టులు కలుస్తాయి. పెడల్ దగ్గరి స్విచ్ తర్వాతి మోడళ్లలో వచ్చింది.

ఎర్రబండి గారూ, ఇండికేటర్లు, పెట్రోలు ముల్లు పనిచేస్తున్నాయా? బ్రేక్ లైట్లదీ అదే ఫ్యూజు, అవి పనిచేస్తే ఫ్యూజు జోలికి వెళ్లక్కర్లేదు. ఇగ్నిషన్ ఆన్ చేసి, స్విచ్‌కున్న రెండు వైర్లు (ఆకుపచ్చ, ఆకుపచ్చ మీద ఊదా గీత) ఊడదీసి ఒకదానికొకటి తాకించండి. లైట్లు నిండుగా వెలిగితే జబ్బు స్విచ్‌దే. తర్వాత వైర్లు మళ్లీ పెట్టి, ఇంట్లో ఒకరిని బ్రేకు తొక్కమని, స్విచ్ రెండు కాళ్ల మధ్య వోల్టేజి చూడండి. దాదాపు సున్నా రావాలి. బ్రేక్ ఆయిల్ ఏ రంగో కూడా చెప్పండి. ఊదా రంగైతే అది సిలికాన్ ఆయిల్, దాంతో ఈ రకం స్విచ్‌లు తొందరగా పోతాయి.

బ్రాడీపేట ఎర్రబండి
ఇండికేటర్లు ఓకే. వైర్లు తాకిస్తే పక్కింటి గోడంతా ఎర్రబడింది. మా ఆవిడ బ్రేకు తొక్కింది, మీటరులో 5 వోల్టులు వచ్చింది. ఆయిల్ లేత పసుపే, డాట్ 4.

ఊరుకోలేక, పోయినసారి తీసేసిన స్విచ్‌ని హాక్సా బ్లేడుతో కోశాను. లోపల రాగి బిళ్ల, నడిమధ్య ఆవగింజంత గుంట, చుట్టూ మాడిన దోసె అంచులా నలుపు.

ఆటోనగర్ పాతచేయి
మీరు కోసి చూసిందే జవాబు. ఒక్కో బల్బు 21 వాట్లు, రెండు కలిపి 42, అంటే మూడున్నర ఆంపియర్లు. అదంతా ఆ చిన్న బిళ్ల మీదుగా పోతోంది. పెడల్ వదిలినప్పుడల్లా చిన్న నిప్పురవ్వ లేస్తుంది, సిటీ ట్రాఫిక్‌లో రోజుకు ఎన్నిసార్లు తొక్కుతారో లెక్కేసుకోండి. ఇప్పుడొచ్చే స్విచ్‌లు పాతవాటంత గట్టివి కావు, మూడోది వేసినా అంతే. రిలే పెట్టండి, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ ఆఫ్ చేసే స్విచ్. స్విచ్ రిలే కాయిల్‌ని మాత్రం నడుపుతుంది, లైట్ల కరెంటు రిలే మోస్తుంది.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. 66 అంటే పాజిటివ్ ఎర్త్, బ్యాటరీ ప్లస్ బాడీకి కలిపి ఉంటుంది. మీ పెదనాన్న మార్పించకపోతే ఇప్పటికీ అంతే, బ్యాటరీ చూస్తే తెలుస్తుంది. కౌంటర్లో ఏదో ఒకటి ఇస్తే తీసుకోకండి. లోపల డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) ఉన్న రిలే తిరగబడి కలిస్తే షార్టే, కొత్త స్విచ్ ఆ క్షణమే కాలుతుంది. రెసిస్టర్ ఉన్నది అడగండి. ఎల్ఈడీ బల్బులు వేస్తే లోడు తగ్గుతుంది కదా అని కుర్రాళ్లు చెప్తారు, మామూలువి పాజిటివ్ ఎర్త్‌లో వెలగవు.

కాలిన స్విచ్ మీద రిలే పెట్టి లాభం లేదు, కొత్తది వేయాల్సిందే. మరలకు టెఫ్లాన్ టేపు చుట్టకండి, ముక్క ఊడి బ్రేకు లైన్లోకి పోతుంది. బిగించాక ఎయిర్ తీయండి. ఆయిల్ చుక్క పెయింటు మీద పడితే వెంటనే నీళ్లు పోసి కడగండి, లేకపోతే రంగు లేచిపోతుంది.

బ్రాడీపేట ఎర్రబండి
ఆదివారం పని అయిపోయింది. బ్యాటరీ ప్లస్సే బాడీకి ఉంది, మీరన్నట్టే. రిలే మూడో షాపులో దొరికింది. మొదటి రెండు షాపుల్లో "డయోడ్ ఉంటే ఏం, లేకపోతే ఏం" అన్నారు. ఇప్పుడు బొటనవేలితో నొక్కినా గోడ ఎర్రబడుతోంది. చాలా థాంక్స్ అండీ.

కృష్ణలంక తమ్ముడూ, నీ నట్టు సలహా వృథా పోలేదు, మా బావ జెన్‌కు సరిగ్గా అదే రోగం.