డ్రగ్స్ అంటే పబ్బుల్లో పిల్లలేనా?

గోదారిగట్టు: పేపర్ తీస్తే పబ్బులు, ఫామ్‌హౌస్ పార్టీలు, కొకైన్. ఇది డబ్బు ఎక్కువైనవాళ్ల రోగమని నా వాదన. పల్లెల్లో, పేదల్లో ఇంత లేదు. కాదంటారా?

మెతుకుసీమ: కాదనే అంటా అన్నా. మా ఊళ్ల కల్లు దుకాణం బందయిన వారం మీరు చూడాల్సింది. పక్కింటి పెద్దమ్మ బీడీలు చుడతది. మూడో రోజుకు చేతులు వణికి ఆకు పట్టలేకపోయింది. రాత్రంతా నిద్ర లేదు, గోడతో మాట్లాడింది. కల్తీ కల్లులో కలిపేవి నిద్రమత్తు మందులు: ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాన్ని ఆపగానే ఆసుపత్రులకు ఇట్లాంటోళ్లే బారులు కట్టిండ్రు. పెద్దమ్మను మాత్రం డ్రగ్స్ మనిషి అని ఎవరూ అనలేదు.

గోదారిగట్టు: అది మోసం అండి. ఆవిడ కోరి తీసుకున్నది కాదు. రెండూ ఒకే గాటన కట్టకండి.

రాత్రిడ్యూటీ: ఆ తేడా నిజమే. కానీ ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వచ్చింది, అది చూడండి. 10–75 ఏళ్లవాళ్లలో కొకైన్ 0.10 శాతం. నల్లమందు, హెరాయిన్, నొప్పి మాత్రల బాపతు 2.1 శాతం. పెద్దల్లో కన్నా పిల్లల్లో ఎక్కువున్నది ఒక్కటే, పీల్చే మత్తు. పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో దానికి రెట్టింపు. నేను డ్యూటీ దిగి స్టేషన్ బయటికొస్తే కనిపించేది అదే: పంక్చర్ సొల్యూషన్ కర్చీఫ్‌లో పిండుకుని మూతికి అదుముకున్న పదేళ్లవాడు. ఎందుకురా అంటే ఆకలి తెలీదన్నా అన్నాడు. వాడు ఏ పార్టీకి వెళ్లాడు?

సంధ్యాదీపం: ఆ సర్వేలోనే మద్యం మగవాళ్లలో 27.3 శాతం, ఆడవాళ్లలో 1.6. ఆడవాళ్ల లెక్క నేను నమ్మను. అత్తగారు పక్కన కూర్చునుండగా తాగుతావా అనడిగితే ఏ కోడలు ఔనంటుంది?

మెతుకుసీమ: మంచిగ చెప్పినవ్ అక్కా. మా దిక్కు పండగకు ఆడోళ్లు కల్లు తాగుడు తప్పు కాదు, దాపరికం లేదు. అందుకేనేమో 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడోళ్లు 6.7 శాతం, దేశం మొత్తంలో 1.3.

గోదారిగట్టు: సరే, కొకైన్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కల్లు మాట మాత్రం ఒప్పుకోను. ఇంతకీ పెద్దమ్మకి ఎలా ఉంది?

మెతుకుసీమ: దుకాణం మళ్లీ తెరిచిండ్రు అన్నా. చేతులు వణుకుత లేవు, బీడీలు చుడుతున్నది.