పోలో జీటీ టీఎస్ఐకి రీమ్యాప్ మేలా, ట్యూనింగ్ బాక్స్ మేలా?

అందరికీ నమస్కారం. మాది కావలి. నా బండి 2015 పోలో జీటీ టీఎస్ఐ, 1.2 టర్బో పెట్రోల్, 7 గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్). కంపెనీ లెక్క 105 పీఎస్ పవర్, 175 ఎన్ఎం టార్క్ (లాగే బలం). పని మీద తరచూ హైవేలో ఒంగోలు వెళ్లొస్తుంటాను. లారీలను దాటేటప్పుడు ఇంకాస్త లాగాలి, నాకు కావాల్సింది అంతే.

ట్యూనింగ్ బాక్స్ అయితే సెన్సర్ సిగ్నల్ మార్చి, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) తక్కువగా ఉందని ఈసీయూని, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌ని నమ్మిస్తుంది. వద్దనుకుంటే విప్పేయొచ్చు. రీమ్యాప్‌లో ఈసీయూలోని ప్రోగ్రామ్‌నే తిరగరాసి బూస్ట్, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం), పెట్రోల్ మోతాదు అన్నీ కలిపి సరిచేస్తారు. నా మనసు అటే ఉంది.

నా టెన్షన్ అంతా ఎండ గురించే. మే నెల మధ్యాహ్నం ఏసీ వేసుకుని గట్టిగా తొక్కితే ఇప్పుడే బండి బరువెక్కినట్టు నెమ్మదిస్తుంది. వేడిగాలికి నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి మండి ఇంజిన్ కొట్టుకోవడం) రాకుండా ఈసీయూ టైమింగ్ వెనక్కి తీస్తుందట. ఎక్కువ ఆక్టేన్ (నాకింగ్‌ని తట్టుకునే గుణం) ఉన్న పెట్రోల్‌కి రాసిన మ్యాప్ వేయించుకుని, దారిలో అది దొరక్క అంతకంటే తక్కువది కొట్టిస్తే ఇంజిన్ తట్టుకుంటుందా?

ఇంకోటి, ఈ గేర్‌బాక్స్‌ది డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగనిది), 250 ఎన్ఎం టార్క్ వరకే తట్టుకుంటుంది. రీమ్యాప్‌లో టార్క్ ఎంత దగ్గర ఆపమంటారు?

మా స్నేహితుడొకరు ఒకచోట రీమ్యాప్ చేయించాడు. ఒరిజినల్ ఫైల్ దాచలేదట, ఇప్పుడు వెనక్కి వెళ్లే దారి లేదు. అందుకే అడుగుతున్నా: చేయించే ముందు ఏయే లాగ్‌లు (బండి నడుస్తుండగా ఈసీయూ నుంచి తీసిన రీడింగ్‌లు) చూపించమనాలి? మన ఎండల్లో రెండేళ్లు పైన నడిపినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.