జూలై 1 కెనడా స్వాతంత్ర్య దినమేనా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి మాంట్రియల్ వచ్చి రెండు నెలలైంది. జూలై 1 సెలవంటే మన ఆగస్టు 15 లాంటిదే అనుకొని, ఇక్కడే పుట్టి పెరిగిన సహోద్యోగికి ముందుగానే శుభాకాంక్షలు చెప్పాను. నవ్వి, "ఆ రోజు నేను ఇల్లు మారుతున్నాను" అన్నాడు. తప్పుగా మాట్లాడానా?

జవాబు: తప్పేమీ లేదు తమ్ముడూ. మీ మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రంలో చాలా ఇళ్ల అద్దె ఒప్పందాలు జూన్ 30తో ముగుస్తాయి. మర్నాడు మీ వీధిలో చూడు, జెండాలకన్నా ఆ మెలికల ఇనుప మెట్ల మీంచి దిగే ఫ్రిజ్‌లు, పరుపులే ఎక్కువ. క్యూబెక్ వాళ్ల సొంత పండగ జూన్ 24నే అయిపోతుంది.

ఇక స్వాతంత్ర్యం అంటావా, రాత్రికి రాత్రి పాత జెండా దించి కొత్తది ఎగరేసిన రోజంటూ ఈ దేశానికి లేదు. అది వాయిదాల మీద వచ్చింది. 1867 జూలై 1న మూడు బ్రిటిష్ వలసలు కలిసి, అందులో ఒకటి రెండుగా విడిపోవడంతో, నాలుగు రాష్ట్రాల దేశమయ్యాయి. పక్కనే అంతర్యుద్ధం ముగించుకున్న అమెరికా ఉంది, ఆ భయం కూడా వాటిని కలిపింది. విదేశాంగం మాత్రం లండన్ చేతిలోనే. 1914లో బ్రిటన్ యుద్ధం ప్రకటించగానే కెనడా కూడా యుద్ధంలో ఉన్నట్టే, అడిగినవారు లేరు. 1931లో బ్రిటన్ చేసిన వెస్ట్‌మినిస్టర్ చట్టంతో సొంతంగా చట్టాలు చేసుకునే స్వేచ్ఛ వచ్చాక కథ మారింది. 1939లో బ్రిటన్ కన్నా వారం ఆగి, సొంత పార్లమెంటులో చర్చించి మరీ యుద్ధం ప్రకటించారు. మాపుల్ ఆకు జెండా 1965లో వచ్చింది. రాజ్యాంగాన్ని సొంతంగా సవరించుకునే అధికారానికి 1982 ఏప్రిల్ 17 దాకా ఆగాలి. ఆ రోజు ఒట్టావాలో ఎలిజబెత్ రాణి సంతకం చేసిన కాగితం మీద వాన చినుకులు పడి సిరా అలుక్కుపోయింది, ఆ మరకలు నేటికీ ఉన్నాయి. క్యూబెక్ ప్రభుత్వం మాత్రం దానికి ఒప్పుకోలేదు. మీ సహోద్యోగి నవ్వులో అది కూడా కాస్త ఉందేమో!

మరో జవాబు, వాంకూవర్ నుంచి: పెద్దలు మనవాళ్ల సంగతి వదిలేశారు. 1914లో కొమగాట మారు ఓడలో వచ్చిన 376 మందిని రెండు నెలలు ఇక్కడి రేవులోనే నిలిపి, ఇరవై పైచిలుకు మందిని తప్ప అందరినీ వెనక్కి పంపారు. వాళ్లూ బ్రిటిష్ రాజు ప్రజలే మరి. ఈ రాష్ట్రంలో భారతీయులకు ఓటు 1947లో గాని రాలేదు. కెనడా పౌరసత్వ చట్టం అమల్లోకి వచ్చిందీ ఆ ఏడాదే. ఇంకొకటి, సెప్టెంబర్ 30న ఆఫీసులో నారింజ రంగు చొక్కాలు కనబడితే అదేదో సరదా అనుకోకండి. ఆదివాసీ పిల్లలను కన్నవాళ్లకు దూరం చేసిన వసతి పాఠశాలలను తలచుకునే రోజది.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ ధన్యవాదాలు. జూలై 1న సామాన్లు మోయడానికి వస్తానని ఆయనకు చెప్పాను. ఫ్రిజ్ మూడో అంతస్తులో ఉందట.