బహిరంగ ఉపన్యాసం తెలుగులో ఉండాలా, ఇంగ్లీషులోనే సాగాలా?

కృష్ణాతీరం:

మొన్న ఫిబ్రవరి 28న, సైన్స్ దినోత్సవం రోజు, మా పక్క టౌన్లో ఒక డిగ్రీ కాలేజీ వాళ్ళు నక్షత్రాల మీద ఉపన్యాసం పెట్టారు. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద "అందరూ ఆహ్వానితులే" అని తెలుగులోనే రాశారు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయిని తీసుకుని వెళ్ళాను. హాలు నిండిపోయింది. వచ్చిన శాస్త్రవేత్త మన తెలుగాయనే, విషయం మీద మంచి పట్టున్న మనిషి. కానీ గంటసేపు ఇంగ్లీషు తప్ప ఒక్క ముక్క తెలుగు రాలేదు. స్లైడ్లూ ఇంగ్లీషే. చివర్లో ప్రశ్నలు అడగమంటే ఒక్క చెయ్యి లేవలేదు. శాలువా కప్పారు, మెమెంటో ఇచ్చారు, అయిపోయింది.

అసలు ఉపన్యాసం ఆ తర్వాత జరిగింది. బయట వేపచెట్టు కింద టీ ఇస్తుంటే మా అమ్మాయి ఆయన దగ్గరికెళ్ళి "సార్, సూర్యుడు తన బరువుకి తనే ఎందుకు కుంగిపోడు?" అని అడిగింది. ఆయన టీ గ్లాసు అరుగు మీద పెట్టేసి, "పొయ్యి మీద అన్నం గిన్నె చూశావా అమ్మా? మూత బరువు కిందికి నొక్కుతుంది, లోపల ఆవిరి పైకి తోస్తుంది. మంట ఉన్నంతసేపూ మూత అలా నిలబడే ఉంటుంది. సూర్యుడికి ఆ మంట ఇంకో 500 కోట్ల ఏళ్ళు ఉంది" అన్నారు. "మంట తగ్గితే ఏమవుతుంది సార్?" అని వెనక నుంచి ఇంకెవరో. చూస్తుండగానే ముప్ఫై నలభై మంది మూగారు. లోపల నోరు విప్పని పిల్లలే అక్కడ ఒకరి మీద ఒకరు పడి అడిగారు. కారు డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టినా ఆయన కదల్లేదు.

అందుకే అడుగుతున్నాను. అందరూ రావచ్చు అని పిలిచిన సభలో మాట్లాడేది తెలుగులో ఎందుకు ఉండకూడదు? ఉండాలనే నా వాదన. కాదనేవాళ్ళు కారణం చెప్పండి, వింటాను.

భౌతికం మాస్టారు:

కృష్ణాతీరం గారూ, మీ బాధ నిజమే. వేదిక మీద నిలబడేవాడి ఇబ్బంది కూడా కాస్త వినండి. నేను 22 ఏళ్ళుగా డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతున్నాను. టీ దగ్గర అన్నం గిన్నె సరిపోతుంది. దాని వెనకున్న లెక్కలోకి దిగాలంటే మాటలు కచ్చితంగా ఉండాలి. పాఠ్యపుస్తకంలో పరమాణువులు కలిస్తే అణువు. పేపర్లో అణుబాంబు, అణువిద్యుత్తు. కానీ అక్కడ జరిగేదంతా పరమాణువు లోపలి కేంద్రకంలో. కణం అంటే జువాలజీ వాళ్ళకి ఒకటి, నాకు ఇంకొకటి. శక్తి, బలం, సామర్థ్యం నా సబ్జెక్టులో మూడు వేరువేరు రాశులు. ఇంట్లో మూడింటినీ ఒకే అర్థంలో వాడతాం. ఇంగ్లీషులో చెబితే పిల్లవాడు ఆ మాటతోనే ఏ పుస్తకమైనా తెరవగలడు.

ఇంకోటి. ఈ పిల్లలు రేపు పీజీకి, రీసెర్చికి వెళ్తే వినేదీ రాసేదీ ఇంగ్లీషే. ఇక్కడ వినకపోతే ఇంకెక్కడ వింటారు? మనం సైన్స్ దినోత్సవం చేసుకునేది రామన్ ఎఫెక్ట్ పేరు మీద, అంటే పదార్థం గుండా వెళ్ళిన వెలుతురులో కొంత రంగు మారడం. ఆ ఫలితాన్ని రామన్ 1928 మార్చి 16న బెంగళూరులో ఉపన్యాసంగా వివరించారు, ఇంగ్లీషులోనే. అందుకే ప్రపంచమంతా చేరింది. పిల్లల మీద ప్రేమతో మనం వాళ్ళ దారి మూసేయకూడదు.

పాలమూరు పిల్ల:

మాస్టారూ, రామన్ ఆ రోజు మాట్లాడింది శాస్త్రవేత్తల ముందు. అక్కడ ఇంగ్లీషు ఉండటాన్ని ఎవరూ తప్పు పట్టట్లేదు. "అందరూ ఆహ్వానితులే" అన్న ఫ్లెక్సీ గురించే ఈ చర్చ.

మాటల కచ్చితత్వం సంగతికొస్తే, ఇంగ్లీషులో సెల్ అంటే జీవకణమూ అదే, గోడ గడియారంలో వేసేదీ అదే, జైలు గదీ అదే, జేబులో ఫోనూ అదే. అయినా ఏ పిల్లాడూ తికమకపడడు, సందర్భం చెబుతుంది. మన కణానికి మాత్రం ఆ అవకాశం ఎందుకివ్వరు?

నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. యూనివర్సిటీలో చేరిన కొత్తలో ప్రతి శుక్రవారం సెమినార్ ఉండేది. వినపడిన మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసుకునేదాన్ని. "అపాప్టోసిస్" అని నోట్సులో తెలుగులో రాసుకుని, హాస్టల్‌కి వచ్చి స్పెల్లింగ్ ఎలా ఉంటుందో ఊహించి డిక్షనరీలో వెతికేదాన్ని. ఇంగ్లీషులో పీ రెండుసార్లు వస్తుందని, రెండోదాన్ని చాలామంది పలకరని తెలియడానికి నాలుగు రోజులు పట్టింది. ఒంట్లో అక్కర తీరిన, లేదా పాడైన కణం పద్ధతి ప్రకారం తనంతట తాను చనిపోవడం అని ఆ రోజే ఎవరైనా ఒక్క వాక్యం చెప్పి ఉంటే, ఆ నాలుగు రోజులూ దాని గురించి ఆలోచించేదాన్ని. ఇప్పుడు నేను అదే రంగంలో పని చేస్తున్నాను, ఇంగ్లీషులోనే రాస్తున్నాను. ఇంగ్లీషు తర్వాత వచ్చింది మాస్టారూ. ఆ ఏడాది పోయిన ధైర్యం రావడానికే చాలా కాలం పట్టింది.

ఫారడే సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. కమ్మరివాళ్ళ అబ్బాయి, పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పనివాడు. షాపుకి వచ్చే ఒకాయన టికెట్లు ఇస్తే 1812లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగు విన్నాడు. విన్నదంతా రాసి, 300 పేజీల పుస్తకంగా తనే బైండ్ చేసి డేవీకి పంపాడు. మరుసటి ఏడాది డేవీ దగ్గరే ఉద్యోగంలో చేరాడు. ఆ ఉపన్యాసాలు లాటిన్‌లో జరిగి ఉంటే ఆ కుర్రాడు ఏం రాసుకునేవాడు?

పదాలు లేవన్నది కూడా నేను ఒప్పుకోను. మన హైదరాబాదులోనే 1917లో అనువాద సంస్థ పెట్టి, మరుసటి ఏడాది ఉస్మానియాను ఉర్దూ మీడియంలో మొదలుపెట్టారు. డాక్టరు చదువు కూడా ఉర్దూలో చెప్పారు. కావాలనుకున్నారు, పదాలు తయారు చేసుకున్నారు.

సుల్తాన్ బజార్:

అమ్మా, ఉస్మానియా మాట ఎత్తావు కాబట్టి ఆ నాణేనికి రెండో వైపు కూడా చెప్పాలి. నా వయసు 78. మా నాన్నగారు ఆ ఉర్దూ చదువే చదివారు. చదువు గొప్పదే, పదాలూ గొప్పవే. కానీ నిజాం రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, ఆ తర్వాత మరాఠీ, కన్నడం. వాళ్ళ పిల్లలకు ఉర్దూ కూడా పరాయి మెట్టే అయింది. దేశభాషలో చెప్పారు అనేది ఒక్కటే చాలదు, ఎవరి భాషలో అన్నది చూడాలి.

దీనికి సంబంధించిన ఒక సభ సంగతి గ్రూప్ పరీక్షలకు చదివే పిల్లలందరికీ తెలుసు, మిగతావాళ్ళకూ తెలియాలి. 1921 నవంబరులో హైదరాబాదులో, వివేకవర్ధిని హాలులో, సంఘసంస్కరణ సభ జరిగింది. అధ్యక్షులు స్త్రీవిద్య కోసం పనిచేసిన మహర్షి కార్వే. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడితే సభ శ్రద్ధగా విన్నది. ఆలంపల్లి వేంకట రామారావు అనే వకీలు లేచి తెలుగులో మొదలుపెట్టగానే గోల చేశారు, చప్పట్లు చరిచి ఎగతాళి చేశారు. ఆయన మాట సాగలేదు. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్ళు కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు గారు, బూర్గుల వారు అందులో ఉన్నారు. తర్వాత ఆంధ్ర మహాసభగా ఎదిగింది అదే.

నా చిన్నప్పుడు మా పేటలోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి నాన్నగారు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవారు. 1901లో పెట్టిన గ్రంథాలయం అది. అక్కడ తెలుగులో ఉపన్యాసం వింటున్నప్పుడు ఆయన ముఖంలో వచ్చే వెలుగు నేను మర్చిపోలేదు. ఉర్దూలో గజళ్ళు చెప్పగల మనిషి ఆయన, ఇంగ్లీషులో ఆఫీసు ఫైళ్ళు రాసేవారు. అయినా ఆ వెలుగు అక్కడే చూశాను.

రాతిరాతలు:

నమస్కారం. నేను శాసనాల మీద పరిశోధన చేస్తున్నాను. సైన్స్ వాళ్ళకి పదాల సమస్య ఉందంటే కొంత ఒప్పుకుంటాను. మా సంగతేంటి? కడప జిల్లా కలమళ్ళలో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం ఉంది. సుమారు క్రీ.శ. 575 నాటిది, మనకు దొరికిన తొలి తెలుగు శాసనంగా చెప్పేది దాన్నే. ఆ శాసనం మీద ఒక జాతీయ సదస్సులో నేను పేపర్ చదివాను. తెర మీద తెలుగు శాసనం, కింద కూర్చున్నవాళ్ళంతా తెలుగువాళ్ళు, నేను చెబుతున్నది ఇంగ్లీషు. "రేనాణ్డు ఏళన్" అన్న మాటల్ని ఇంగ్లీషులోకి మార్చి, మళ్ళీ అదే తెలుగువాళ్ళకి వివరిస్తుంటే గొంతు తడారిపోయింది. ముందు వరసలో ఆ ప్రాంతం నుంచే వచ్చిన ఒక రైతు కూర్చున్నారు. మధ్యలో లేచి వెళ్ళిపోయారు. ఇప్పటికీ ఆ ఖాళీ కుర్చీ గుర్తొస్తుంది.

కానీ నా అనుభవంలో భాష కంటే ముందు జబ్బు ఇంకోటి ఉంది. 2010లో యూజీసీ (యూనివర్సిటీలకు నియమాలు పెట్టే కేంద్ర సంస్థ) లెక్చరర్ల ప్రమోషన్లకి ఏపీఐ అని పేపర్లకీ సదస్సులకీ పాయింట్లు పెట్టాక సెమినార్ అంటే సర్టిఫికెట్ అయిపోయింది. కాలేజీలకి గ్రేడు ఇచ్చే నాక్ వాళ్ళు వస్తున్నారంటే ఏడాదిలో నాలుగు సదస్సులు. ఒక్కో పేపర్‌కి పది నిమిషాలు, అందులో మూడు నిమిషాలు వేదిక మీద పెద్దల పేర్లకే. కుర్చీలు నింపడానికి క్లాసులు ఆపి పిల్లల్ని తెచ్చి కూర్చోబెడతారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక సగం హాలు ఖాళీ. వినేవాడి కోసం పెట్టని సభకి వినేవాడి భాష ఎందుకు గుర్తొస్తుంది?

మల్లేశ్వరం తెలుగు:

బెంగళూరులో ఉంటాను. ఇక్కడ ఐసీటీఎస్ అనే సైన్స్ పరిశోధన సంస్థ వాళ్ళు "కాపీ విత్ క్యూరియాసిటీ" అని నెహ్రూ ప్లానెటేరియంలో ఉపన్యాసాలు పెడతారు. ఎక్కువ ఇంగ్లీషే. అయినా ఇంజినీరింగ్ పిల్లలు, రిటైరైనవాళ్ళు నిండుగా వస్తారు. అంటే ఇంగ్లీషు వల్లే జనం రారు అనలేం. కాకపోతే అది బెంగళూరు. ఇదే రాష్ట్రంలో మైసూరు యూనివర్సిటీ ప్రొఫెసర్లు 1930ల్లోనే పల్లెలకు వెళ్ళి కన్నడంలో ఉపన్యాసాలిచ్చారు, వాటిని చిన్న పుస్తకాలుగా అచ్చేశారు. ఎవరి ముందు నిలబడుతున్నాం అన్నది చూసుకున్నారు.

ఉట్నూరు:

అన్నలూ, అక్కలూ, తెలుగు తెలుగు అంటున్నరు, మంచిదే. మా దిక్కు బడిలో సగం మంది పిల్లలకు ఇంట్ల గోండి, కొందరికి కొలామి, కొందరికి లంబాడా. వాళ్ళకు తెలుగే రెండో భాష. 1940లల్ల హైమన్‌డార్ఫ్ దొర (గిరిజనుల జీవితం మీద పరిశోధన చేసినాయన) మా దిక్కు మార్లవాయిల గోండిల వాచకాలు పెట్టి పంతుళ్ళను తయారు చేయించిండు. ఇప్పుడు ఎవరన్న పెద్దసారు వస్తే తెలుగుల చెప్పినా మా పిల్లలకు నేను మళ్ళ చెప్పాల్సొస్తది. నేను వద్దంటలేను. రూల్ పెడితే మాత్రం మమ్మల్ని మరిచిపోవద్దని చెప్తున్న.

భౌతికం మాస్టారు:

అన్నీ చదివాను. వివేకవర్ధిని సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. సుల్తాన్ బజార్ గారికి నమస్కారం.

నా మాట పూర్తిగా మార్చుకోలేదు. డిగ్రీ, పీజీ పిల్లలకి పెట్టే సెమినార్ ఇంగ్లీషులోనే ఉండాలని ఇప్పటికీ అంటాను. పాలమూరు అమ్మాయి పడ్డ కష్టం నాకూ ఉంది. నేనూ తెలుగు మీడియమే. కానీ ఆ కష్టం పడ్డందుకే ఈ రోజు బయటి పుస్తకం చదవగలుగుతున్నాను. ఉట్నూరు గారు అన్నట్టు రూల్ పెట్టడం కూడా నాకు ఇష్టం లేదు. ఊరి జనాన్ని పిలిచిన సభ వరకు మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. నిజం చెప్పాలంటే పదాలు లేక నేను ఇంగ్లీషులోకి వెళ్ళను. తెలుగులో చెబితే విషయం నాకే సరిగా తెలియదనుకుంటారేమో అన్న భయం. వెనక వరసలో తోటి లెక్చరర్లు కూర్చుంటే ఆ టెన్షన్ ఇంకా ఎక్కువ. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

పాలమూరు పిల్ల:

మాస్టారూ, మీరు ఈ మాట రాసినందుకు చాలా గౌరవంగా ఉంది. సెమినార్ విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. చెప్పేది ఇంగ్లీషులో ఉన్నా, ప్రశ్న తెలుగులో అడగొచ్చని ముందే ప్రకటించాలి. నేను రెండేళ్ళపాటు అడగకుండా మింగిన ప్రశ్నలు ఇప్పటికీ ఆ నోట్సు అంచుల్లో ఉన్నాయి. కొన్నింటికి జవాబులు ఎవరికీ తెలియవని తర్వాత తెలిసింది. అంటే అవి మంచి ప్రశ్నలే.

భౌతికం మాస్టారు:

అది చేస్తాను. మా డిపార్ట్‌మెంట్ వరకు నా చేతిలో పనే.

ఇంకో సాయం కావాలి. వచ్చే శనివారం మా దగ్గరి జిల్లా పరిషత్ హైస్కూల్లో రామన్ మీద చెప్పమన్నారు. ఈసారి తెలుగులోనే చెబుతాను. మొదలుపెట్టడం తేలికే. 1921లో ఓడలో వస్తూ మధ్యధరా సముద్రం నీలం రంగు చూసి, ఆ నీలం ఆకాశం నీడ మాత్రమేనా అని ఆయనకి అనుమానం రావడం పిల్లలకి నచ్చుతుంది. ఆగిపోయేది ఆ తర్వాత. స్కాటరింగ్‌కి పుస్తకంలో మాట "పరిక్షేపణం". ఎనిమిదో తరగతి పిల్లల ముందు ఆ మాట అంటే అక్కడితో తలుపు మూసుకుంటుంది. మీరైతే ఏమంటారు?

కృష్ణాతీరం:

మాస్టారూ, మా అమ్మాయిని అడిగాను. ఎండ కిటికీలోంచి వచ్చి గదిలో దుమ్ము మీద పడే చోటు చూపించి, "వెలుతురు చెదరడం అంటే చాలు కదా నాన్నా" అంది. పరిక్షేపణం అని బోర్డు మీద రాయమంది, పరీక్షలో అదే రాయాలి కాబట్టి. నోటితో మాత్రం చెదరడం అనమంది.

తర్వాత అరగంటకి మళ్ళీ వచ్చి, "చెదిరితే దిక్కు మారుతుంది సరే, రామన్ చూసినదాంట్లో రంగు కూడా ఎందుకు మారింది?" అని అడిగింది. నాకు తెలియదు. స్కూలు ఏ ఊళ్ళోనో చెప్పండి, శనివారం ఇద్దరం వస్తాం.